కంచు డైవ్ వాచీ కొనేముందు: పాతకాలపు అందం, అందుబాటు ధర, ఎంచుకునే పద్ధతి

నా కంచు డైవ్ వాచీ, అంటే నీటి అడుగుకు వెళ్లేవాళ్ల కోసం చేసే రకం, వచ్చిన రెండో రోజున కేసు (వాచీ బయటి లోహపు తొడుగు) పక్కన చిన్న మరక కనిపించింది. వెలుతురులో పెట్టి చూస్తే అది నా బొటనవేలి ముద్ర. కీ ఇవ్వడానికి పట్టుకున్నచోట చెమట తగిలి, వేలి గీతలు గోధుమ రంగులో అచ్చు పడ్డాయి. గుడ్డతో తుడిచినా పోలేదు. పది రోజులకు చుట్టూ ఉన్న లోహం కూడా ఆ రంగులోకి దిగి, ముద్ర అందులో కలిసిపోయింది.

ఈ వాచీల మీద మోజంతా ఆ రంగు కోసమే. కొన్నవాళ్ల చెమటను బట్టి, ఊరిగాలిని బట్టి ఒక్కో వాచీ ఒక్కోలా మారుతుంది. విశాఖలో ఉప్పుగాలికి తిరిగే వాచీ వారాల్లో నల్లబడితే, ఏసీ ఆఫీసులో కూర్చునేది నెలల తరబడి బంగారు రంగులోనే ఉండొచ్చు. అయితే ఆ రంగు పైసా ఖర్చు లేకుండా దానంతట అదే వస్తుంది, వద్దనుకుంటే పోతుంది కూడా. కాబట్టి డబ్బు పెట్టాల్సింది వేరేచోట. నా లెక్క ఇది: కొన్నాక మార్చుకోలేనివి ముందు చూడాలి, అంటే లోహం, సైజు, నీళ్లు లోపలికి పోకుండా ఆపే కట్టుబడి. బెల్టు, రంగు, ఆఖరికి లోపలి మిషన్ కూడా తర్వాత మార్చుకోవచ్చు. కింది మెట్లన్నీ ఆ వరసలోనే రాశాను.

1. అది నిజంగా కంచేనా?

నేను మొదట కొన్న "బ్రాంజ్" వాచీ కంచుది కాదు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర, ఫొటోలు చూసి మురిసిపోయి ఆర్డర్ పెట్టాను. ఆర్నెల్లు తిరిగేసరికి బెల్టు దగ్గర అంచుల్లో బంగారు రంగు గీసుకుపోయి లోపల తెల్లటి స్టీలు బయటపడింది. వెనక్కి వెళ్లి ఆ ప్రకటన చదివితే "బ్రాంజ్ కలర్" అని రాసి ఉంది. అబద్ధం చెప్పలేదు, నేనే సరిగ్గా చదవలేదు.

కాబట్టి మొదట చూడాల్సింది మాటలు. "బ్రాంజ్ కలర్", "బ్రాంజ్ టోన్", "బ్రాంజ్ పీవీడీ" అని ఉంటే అది స్టీలు మీద పూత. పూతకు రంగు మారే గుణం ఉండదు, గీసుకుపోయే గుణమే ఉంటుంది. నిజమైన కంచు వాచీ అమ్మేవాళ్లు లోహం పేరు వివరంగా రాస్తారు. ఎక్కువగా కనిపించేవి రెండు.

ఒకటి సీయూఎస్‌ఎన్8. రాగిలో సుమారు 8 శాతం తగరం కలిసిన అసలు సిసలు కంచు. కొత్తలో కొద్దిగా ఎర్రటి ఛాయ ఉంటుంది, త్వరగా రంగు మారుతుంది, బాగా ముదురుతుంది. 2011లో 47 మిల్లీమీటర్ల కేసుతో, వెయ్యి మాత్రమే తయారై ఈ మోజును పెంచిన పనేరై కంపెనీ బ్రోంజో వాచీలో వాడింది ఈ రకమే. రెండోది అల్యూమినియం కంచు. ఇందులో తగరం బదులు అల్యూమినియం ఉంటుంది. కాస్త పసుపు, బంగారు ఛాయలో ఉండి నిదానంగా, సమానంగా మారుతుంది. 2016లో వచ్చిన ట్యూడర్ బ్లాక్ బే బ్రాంజ్ దీనితో చేసిందే. దీనికి దగ్గరి చుట్టమైన నికెల్ అల్యూమినియం కంచుతోనే ఓడల ప్రొపెల్లర్లు పోతపోస్తారు. సముద్రపు నీటిని తట్టుకోవడంలో దానికి అంత పేరు.

రంగు మార్పులు త్వరగా చూడాలని ఉంటే మొదటిది తీసుకోండి. ఆఫీసుకు కట్టుకెళ్లాలి, మరీ నల్లబడకూడదు అనుకుంటే రెండోది. నా ఓటు మొదటిదానికే. కంచు కొని అది మారకుండా ఉండాలని కోరుకోవడంలో నాకు ఆనందం కనిపించదు.

ఇత్తడి సంగతి జాగ్రత్త. ఇత్తడి అంటే రాగి, జింకు. కొత్తలో కంచుకూ దానికీ తేడా కనిపెట్టడం కష్టం. అయస్కాంతం పెట్టి చూసినా రెండూ అంటుకోవు. కానీ ఉప్పునీటిలో మామూలు ఇత్తడిలోంచి జింకు కరిగిపోయి, మిగిలిన రాగి గుల్లబారుతుంది. ఇంట్లో పెట్టుకునే బొమ్మకైతే పర్లేదు, సముద్రంలోకి వెళ్లే వాచీకి పనికిరాదు. ప్రకటనలో లోహం పేరు లేకపోతే అమ్మేవాళ్లకు ఒక మెయిల్ పెట్టి అడగండి. జవాబు రాకపోయినా, "బ్రాంజే సార్" అని తప్పించుకున్నా అక్కడితో వదిలేయండి.

2. వెనక మూత స్టీలా, టైటానియమా?

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, రోజూ మణికట్టుకు తగిలేది మాత్రం ఇదే. మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి ఎందుకు వేయించేవాళ్లు? పులుపు తగిలితే రాగి కలిసిన లోహం చిలుము పడుతుంది కాబట్టి, వంటకు అది మంచిది కాదు కాబట్టి. చెమటలోని ఉప్పు, ఆమ్లాలు కూడా వాచీ కంచు మీద అదే పని చేస్తాయి. మణికట్టు మీద పచ్చటి ముద్ర పడుతుంది. ప్రమాదం లేదు, సబ్బుతో కడిగితే పోతుంది, కానీ తెల్ల చొక్కా కఫ్‌కు అంటితే చిరాకు.

అందుకే మంచి తయారీదారులు కేసు కంచుతో చేసినా వెనక మూత 316ఎల్ స్టీలుతోనో టైటానియంతోనో పెడతారు. గిన్నెకు కళాయి ఎలాగో వాచీకి ఆ మూత అలాగ. స్టీలులో నికెల్ ఉంటుంది. నకిలీ నగలు పెట్టుకుంటే దురద వచ్చే ఒళ్లయితే టైటానియం మూత ఉన్నదే వెతకండి. వెనక మూత కూడా కంచుదే అయితే, మన ఎండలకు నేను వద్దనే చెబుతాను.

3. మణికట్టు కొలుచుకోండి

తగరం కంచు బరువైన లోహం. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.8 గ్రాముల దాకా ఉంటే స్టీలుది 8. అంటే అదే సైజు కేసు స్టీలుదానికన్నా పదో వంతు ఎక్కువ తూగుతుంది. అందుకే స్టీలులో మీకు సరిపోయిన సైజు కంచులో పెద్దదిగా, జారిపోతున్నట్టుగా అనిపించొచ్చు.

అందరూ డయామీటర్ చూస్తారు. దానికన్నా ముఖ్యమైంది లగ్ టు లగ్, అంటే బెల్టు పట్టే కొమ్ముల పైకొన నుంచి కింది కొన దాకా పొడవు. స్కేలు తీసుకుని మణికట్టు పైన చదునుగా ఉన్న భాగం వెడల్పు ఎంతో చూడండి. లగ్ టు లగ్ అంతకు మించకూడదు. చుట్టుకొలత 16, 17 సెంటీమీటర్లున్న చేతికి 46 నుంచి 48 మిల్లీమీటర్లు హాయిగా ఉంటుంది. పెళ్లి శుభలేఖ అట్ట ఒకటి తీసుకుని, వాచీ కొలతలతో కత్తిరించి చేతిమీద పెట్టుకుని అద్దంలో చూసుకోండి. ఫొటోలు చేసే మోసం అట్టముక్క చేయదు.

మందం కూడా చూడండి. ఉబ్బెత్తు అద్దంతో కలిపి 13 మిల్లీమీటర్ల దాకా పర్వాలేదు. 15 దాటితే చొక్కా చేతుల కింద ఇమడదు.

4. ఏ పాతకాలం?

"వింటేజ్" అని రాసినంత మాత్రాన ఆ రూపానికి వంశం ఉందని కాదు. డైవ్ వాచీల మొదటి తరం 1950లలో మొదలైంది. 1953లో ఫ్రెంచ్ నేవీ ఈతగాళ్ల అవసరం కోసం బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్ వచ్చింది. అదే కాలంలో రోలెక్స్ సబ్‌మెరైనర్. జపాన్‌లో సీకో 1965లో 62మాస్ తెచ్చింది, 150 మీటర్ల లోతుకు. 1970లో వచ్చిన సీకో 6105-8110 కేసు కీ వైపు ఉబ్బుతుంది. తర్వాత అభిమానులు దానికి, "అపొకలిప్స్ నౌ" సినిమాలో అది కట్టుకున్న పాత్ర పేరు మీద, విల్లార్డ్ అని పేరు పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. వీటిలో ఏదీ కంచుది కాదు, అన్నీ స్టీలువే. చేతివాచీకి కంచు కేసు వాడటం 1988లో జెరాల్డ్ జెంటా గెఫికాతో మొదలైందని చెబుతారు. అంటే మీరు కొనబోయేది పాత వాచీకి నకలు కాదు. పాత వాచీ రూపానికి, పాత ఓడల్లోని కంచు సామాను, రాగి ఇత్తడి డైవింగ్ హెల్మెట్ల జ్ఞాపకానికి పెళ్లి చేసిన కొత్త వస్తువు. అది తెలిసి కొంటే "అసలుదిలా లేదే" అన్న అసంతృప్తి ఉండదు.

నాకు 62మాస్ రూపం కంచులో అన్నిటికన్నా నప్పుతుందనిపిస్తుంది. సన్నటి బెజెల్ (డయల్ చుట్టూ తిరిగే రింగు), వెడల్పు డయల్, నిటారు గీతలు. కేసు పక్కలు చదునుగా ఉండటంతో రంగు మారడం చక్కగా కనిపిస్తుంది. ఫిఫ్టీ ఫాథమ్స్ రూపంలో బెజెలే ఎక్కువ ఆక్రమిస్తుంది. అక్కడ కంచు బెజెల్ ఉంటే అందం, నల్ల సిరామిక్ ఉంటే కొత్తదనం తొంగి చూస్తుంది. డయల్ రంగుకు ముదురు పచ్చ, ముదురు నీలం, కాఫీ రంగు కంచుతో కలుస్తాయి. నలుపు ఎప్పుడూ తప్పు పోదు.

డయల్ మీద వేరే కంపెనీ పేరు దొంగతనంగా ముద్రించిన వాచీ జోలికి మాత్రం పోవద్దు. రూపం పోలి ఉండటం వేరు, నకిలీ వేరు. నకిలీలో లోహం, మిషన్, రబ్బరు రింగులు ఏవీ నమ్మకమైనవి కావు.

5. నీళ్లు ఆగుతాయా?

డైవ్ వాచీలకు ఐఎస్‌ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం కనీసం 100 మీటర్లకు సరిపడాలి, ప్రతి వాచీనీ చెప్పిన ఒత్తిడికి 125 శాతంతో పరీక్షించాలి. 200 మీటర్లంటే 20 బార్ ఒత్తిడి, అంటే పరీక్ష 25 బార్ దగ్గర. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనిపించాలి. ఈ ప్రమాణానికి నిలిచిన వాచీల మీదే "డైవర్స్" అనే మాట మీటర్లతో కలిపి రాయాలి. తక్కువ ధర వాచీల్లో చాలావాటి మీద "200 మీటర్లు" అని మాత్రమే ఉంటుంది. అవి పనికిరానివని కాదు, ఆ పరీక్ష ఒక్కొక్కదానికీ జరిగిందని హామీ లేదు, అంతే.

సరదా డైవింగ్‌లో 40 మీటర్లే హద్దు. రుషికొండలో స్కూబా నేర్చుకోవాలన్నా, చెరువులో ఈదాలన్నా 200 మీటర్ల వాచీ చాలినంత. చూడాల్సిన అంకె కన్నా చూడాల్సిన భాగాలు ముఖ్యం: మరతో బిగిసే కీ, మరతో బిగిసే వెనక మూత, ఒకే వైపు తిరిగే బెజెల్. బెజెల్ ఒక వైపే తిరగడానికి కారణం ఉంది. నీటిలో దేనికైనా తగిలి కదిలినా అది గడిచిన టైమును ఎక్కువ చేసి చూపిస్తుందే తప్ప తక్కువ చేయదు, డైవర్ తొందరగా పైకి వస్తాడు. నేను దాన్ని ఇడ్లీలు ఉడికే పన్నెండు నిమిషాలకు వాడతాను. ముక్కోణం గుర్తును నిమిషాల ముల్లుకు తిప్పి పెట్టుకుంటే సరిపోతుంది.

వేడినీళ్ల స్నానానికి మాత్రం వాచీ తీసేయండి. వేడికి రబ్బరు రింగులు ముందే ముసలివవుతాయి.

6. మిషన్

అందుబాటు ధర వాచీల్లో ఎక్కువగా దొరికేది సీకో ఎన్‌హెచ్35. గంటకు 21,600 కొట్టుకోళ్లు, 24 జ్యూయెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు), కీ నిండాక 41 గంటలు నడిచే నిల్వ, చేతితో కీ ఇవ్వొచ్చు, కీ లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది. కంపెనీ చెప్పే కచ్చితత్వం రోజుకు మైనస్ 20 నుంచి ప్లస్ 40 సెకన్లు. వాడుకలో చాలా వాచీలు అంతకన్నా బాగానే నడుస్తాయి. ఏ ఊళ్లోనైనా పని తెలిసిన వాచీ మెకానిక్ దీన్ని సరిచేయగలడు, పూర్తిగా పాడైతే కొత్త మిషన్ వేసేయడమే చవక. నేను దీన్నే సిఫార్సు చేస్తాను.

మియోటా 9015 కొంచెం పలచన, గంటకు 28,800 కొట్టుకోళ్లు, సెకన్ల ముల్లు మరింత నున్నగా జారుతుంది. స్విస్ సెల్లిటా మిషన్ ఉంటే ధర పెరుగుతుంది. అదే డబ్బు కేసు నాణ్యత మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త మర్చిపోవద్దు. తేదీ ఉన్న ఎన్‌హెచ్35లో రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 మధ్య తేదీ మార్చకండి. ఆ సమయంలో లోపలి పళ్లు తేదీ చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, బలవంతంగా తిప్పితే విరగొచ్చు.

7. అద్దం, చీకటి వెలుగు

అద్దం సఫైర్ అయితే గీతలు అంత సులువుగా పడవు. పాతకాలపు రూపానికి పక్కలు పైకి లేచిన ఉబ్బెత్తు సఫైర్ చూడండి, పక్కనుంచి చూస్తే డయల్ అంచులు నీళ్లలో ఉన్నట్టు వంగుతాయి. యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్ అద్దం, గీతలు పడుతుంది కానీ పాలిష్‌తో పోతాయి, పగిలి ముక్కలవదు. రెండూ సరే.

పాత వాచీల్లో వెలుగుకు రేడియం, ఆ తర్వాత ట్రిటియం వాడేవారు. అవి ఏళ్లు గడిచి లేత గోధుమ రంగుకు తిరిగేవి. ఇప్పుడు ఆ రంగును అనుకరిస్తూ సూపర్ లూమినోవా అనే సురక్షితమైన వెలుగు రంగుకే గోధుమ ఛాయ కలుపుతున్నారు. కంచుతో అందంగా ఉంటుంది, కానీ అందులోనే లేత పచ్చగా ఉండే సీ3 రకమంత ప్రకాశం దానికి రాదు. రాత్రి టైము చూసుకునే అలవాటుంటే సీ3 ఎంచుకోండి.

8. ఎక్కడ, ఎంతకు?

శాన్ మార్టిన్, స్టీల్‌డైవ్ లాంటి చైనా బ్రాండ్లు పాత సీకోల రూపంలో కంచు వాచీలు చేస్తున్నాయి. సింగపూర్ జెలోస్, జర్మనీ స్టైన్‌హార్ట్ ఇంకొంచెం పై మెట్టు. ఫ్రాన్స్ బాల్టిక్ ఇంకా పైన. నేను చూసినప్పుడు చైనా రకం 150 నుంచి 300 డాలర్ల మధ్య ఉండేది.

వెబ్‌సైట్‌లో కనిపించే ధర మీకు పడే ధర కాదు. దానికి షిప్పింగ్, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ వాళ్ల క్లియరెన్స్ ఛార్జీ, కార్డు మీద విదేశీ మారకం ఫీజు కలపండి. ఆ మొత్తం ముందే కాగితం మీద వేసుకోకపోతే, పార్సెల్ గుమ్మంలోకి వచ్చాక టెన్షన్ తప్పదు. చైనా ఆన్‌లైన్ దుకాణం అలీఎక్స్‌ప్రెస్‌ను 2020 నవంబరులో మన ప్రభుత్వం నిషేధించింది, కాబట్టి ఇక్కడివాళ్లు బ్రాండ్ సొంత సైట్‌లోనే చూడాలి. అమెరికా నుంచి వచ్చే అన్నయ్య చేత తెప్పించుకోవాలనుకుంటే బ్యాగేజీ నిబంధనలు ముందు చూసుకోమనండి.

సెకండ్‌హ్యాండ్ కంచు వాచీకి భయపడకండి. నల్లబడి అందవికారంగా కనిపించడం వల్ల కొన్ని బాగా తక్కువకు వస్తాయి. ఆ నలుపు అరగంట పని. కానీ కీ మర లోపల, బెజెల్ కింద సందులో పొడిలా రాలే పచ్చ చిలుము ఉందేమో ఫొటో అడగండి. ఉంటే ఉప్పునీళ్లు లోపలికి దిగి తినేస్తున్నట్టు.

9. పార్సెల్ విప్పాక

వేసుకునే ముందు, వాపసు గడువు ఉండగానే ఇవి చూడండి. మొదట కీ. మర విప్పి, బయటికి వచ్చాక పది పదిహేను చుట్లు ఇవ్వండి. మూసేటప్పుడు నేరుగా బిగించొద్దు. మెల్లగా నొక్కి పట్టుకుని, ముందు వెనక్కి, అంటే విప్పే వైపుకు తిప్పండి. మరల మొదళ్లు కలిసినచోట వేలికి చిన్న "టక్" తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు బిగించండి. కంచు స్టీలుకన్నా మెత్తన, వంకరగా బిగిస్తే మర అరిగిపోతుంది. ఇన్నేళ్లయినా నేను ప్రతిసారీ అలాగే చేస్తాను.

బెజెల్ 12 దగ్గర డయల్ గుర్తుకు సరిగ్గా నిలుస్తోందా, వెనక్కి ఊగుతోందా చూడండి. అర్ధరాత్రి దగ్గర తేదీ పూర్తిగా మారుతోందా చూడండి. ఫోన్‌లో టైముతో కలిపి 24 గంటల తర్వాత తేడా రాసుకోండి.

తేమ లోపల ఉందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటి ఉంది. వాచీని గోరువెచ్చగా, 40 డిగ్రీల దరిదాపుల్లో కాసేపు ఉంచి, అద్దం మధ్యలో చల్లటి నీటి చుక్క వేసి ఒక నిమిషం ఆగి తుడవండి. అద్దం లోపలివైపు ఆవిరి మచ్చ కనిపిస్తే లోపల తడి ఉన్నట్టే, వాపసు పంపండి. దగ్గరి ఊళ్లో ఎయిర్ ప్రెషర్ టెస్ట్ మెషిన్ ఉన్న రిపేరు షాపు ఉంటే ఈత కొట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి పరీక్ష చేయించండి.

10. బెల్టు, రంగు

వాచీతో వచ్చే తోలు బెల్టు మన చెమటకు మూడు నెలల్లో వాసన వేస్తుంది. ఎండాకాలానికి ట్రాపిక్ రకం రబ్బరు బెల్టు, చలికాలానికి తోలు పెట్టుకోండి. లగ్ వెడల్పు 20 మిల్లీమీటర్లయితే బెల్టులు సులువుగా దొరుకుతాయి.

రంగు దానంతట అది రానివ్వండి. ఉడికించిన గుడ్డు పచ్చసొనతో కలిపి డబ్బాలో మూసిపెడితే గంధకం ఆవిరికి కంచు గంటల్లో నల్లబడుతుంది. చేసి చూశాను. త్వరగా వచ్చిన ఆ రంగు ఒక పూత పూసినట్టు ఒకేలా ఉంది, నా బొటనవేలు, నా చొక్కా అంచు, నా ఊరి వాన అందులో లేవు. వారం తిరక్కుండానే తీసేశాను.

తీయడానికి వాడింది ఇంట్లోదే. అమ్మమ్మ ఇత్తడి బిందె తోమే చింతపండు. కొద్దిగా నీళ్లలో పిసికి, మెత్తటి బ్రష్‌తో కేసు మీద మాత్రమే రుద్ది, మంచినీళ్లతో కడిగితే లేత గులాబీ ఛాయతో కంచు మళ్లీ కొత్తదయింది. బెల్టు ముందే తీసేయాలి, కీ గట్టిగా బిగించి ఉండాలి, గుజ్జు బెజెల్ సందులోకి పోకూడదు. ఉప్పు కలపొద్దు, సందుల్లో మిగిలితే అదే చిలుముకు విత్తనం.

సముద్రంలో దిగి వచ్చిన రోజు వాచీని కుళాయి కింద పట్టి, బెజెల్‌ను నీళ్లలోనే రెండు మూడు చుట్లు తిప్పి, మెత్తటి గుడ్డతో ఒత్తి ఆరబెట్టండి. కీ మాత్రం పూర్తిగా ఆరేదాకా విప్పొద్దు.